పెద్దపేగు క్యాన్సర్, నాలుగు కీమోలు, నా కుట్టుపని: నా అనుభవం

జూలై 8న పొద్దున టిఫిను కాగానే ఆఖరి మూడు మాత్రలు వేసుకున్నాను. దాంతో నా కీమో అయిపోయింది. ఇప్పుడు సెప్టెంబరు నెలాఖరు. కర్నూలులో నాకు జాకెట్లు కుట్టే చిన్న కొట్టు ఉంది. నా వయసు 46. జబ్బు బయటపడిన కొత్తలో ఫోనులో ఎంత వెతికినా భయపెట్టేవాళ్ళు, లేకపోతే ‘ధైర్యంగా ఉండండి’ అనేవాళ్ళు తప్ప ఎవరూ దొరకలేదు. ఏ పరీక్షకు ఎన్నాళ్ళు ఆగాలి, చేతి నుంచి ఎంత పడుతుంది, చేతివేళ్ళు ఏమవుతాయి అని చెప్పినవాళ్ళు లేరు. అవి నేను చెబుతాను.

నాకు కడుపునొప్పి లేదు. విరేచనంలో రక్తం ఎన్నడూ కనబడలేదు. ఉన్నదల్లా ఆయాసం. డిసెంబరులో ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు కొండారెడ్డి బురుజు చూపిద్దామని వెళ్ళి, నాలుగు మెట్లెక్కి కూలబడ్డాను. జనవరిలో రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7.4. ఈ వయసులో నెలసరి ఎక్కువ కావడం మామూలే అని మా వీధి డాక్టరు ఇనుము మాత్రలు రాశారు. మూడు వారాలు వాడినా అంకె పెద్దగా కదలలేదు. అప్పుడు స్త్రీల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆవిడ స్కాను చూసి, గర్భసంచి బాగానే ఉందని చెప్పి, కాగితం తిరగేస్తూ, “రక్తం ఎక్కడి నుంచో పోతోందమ్మా, నెలసరి నుంచి మాత్రం కాదు” అన్నారు. మలంలో కంటికి కనబడని రక్తం ఉందేమో చూసే పరీక్ష రాశారు. దానికి అయింది మూడు వందలు. ఉందని తేలింది. పెద్దపేగు కుడివైపు భాగంలో గడ్డ ఉంటే ఇలాగే జరుగుతుందట. అక్కడ మలం ఇంకా పల్చగా ఉంటుంది కాబట్టి అడ్డు తగలదు, నొప్పి రాదు. రక్తం కొద్దికొద్దిగా కలిసిపోతూ ఉంటుంది కాబట్టి రంగు తెలియదు. మనిషి పాలిపోతూ ఉంటుంది, అంతే.

పెద్దపేగులోకి గొట్టం పంపి చూసే కొలనోస్కోపీకి పది రోజుల తర్వాతి తేదీ ఇచ్చారు. అది మాఘమాసం, పెళ్ళిళ్ళ రోజులు. కొట్టు నిండా పట్టు జాకెట్లు. ఆ పది రోజులూ కుడుతూనే ఉన్నాను, కాకపోతే అరగంటకోసారి మిషను మీద తల ఆనించుకునేదాన్ని.

కొలనోస్కోపీ అంటే అందరూ గొట్టానికి భయపడతారు. నిజానికి కష్టం ముందురోజు పేగు ఖాళీ చేయించే పొడినీళ్ళతోనే. రెండు లీటర్ల నీళ్ళలో కలిపి, గ్లాసు తర్వాత గ్లాసు తాగాలి. ఉప్పగా, కాస్త జిగటగా ఉంటుంది. మూడో గ్లాసు నుంచి బాత్రూము దగ్గరే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నిమ్మరసం పిండుకోవచ్చని నర్సు చెప్పింది, అదే కాపాడింది. ఎర్రగా ఉండేవేవీ తాగకూడదు, దానిమ్మ రసం కూడా. పరీక్షకు మాత్రం మత్తు ఇచ్చారు, ఏమీ తెలియలేదు. పై నుంచీ, కింద నుంచీ రెండు పరీక్షలకూ కలిపి ఎనిమిది వేలు. ముక్క తీసి పంపడానికి పద్దెనిమిది వందలు.

ఆరు రోజులకు బయాప్సీ కాగితం వచ్చింది. అడినోకార్సినోమా, అంటే క్యాన్సరే. మా అమ్మాయి బీఎస్సీ బయోకెమిస్ట్రీ చదువుతోంది. ఆ మాట తనకు తెలుసు, నాకు తెలియదు. తను కాగితం చదివి ఊరుకుంది. నేను కొట్టు మూసి వచ్చేదాకా చెప్పలేదు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ ఏడవలేదు. మా ఆయన మాత్రం రెండుసార్లు లేచి గేటు తాళం వేసిందో లేదో చూసి వచ్చారు.

ఆ తర్వాత ఛాతీకి, కడుపుకు సీటీ స్కాను, ఏడున్నర వేలు. కాలేయం, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. అసలు భయం దాని గురించే కాబట్టి ఆ పూట అన్నం తిన్నాను. క్యాన్సర్ జాడ చూసే సీఈఏ అనే రక్తపరీక్ష కూడా చేశారు. ఇకముందు అది మూడు నెలలకోసారి తప్పదు. వైద్యం మొదలయ్యే లోపలే మా చేతి నుంచి పాతిక వేల దాకా అయింది. ఇది రాసి పెట్టుకోండి: పరీక్షల డబ్బు ముందు మనదే. ఆపరేషను, కీమో ప్రభుత్వ పథకం ఎన్టీఆర్ వైద్య సేవ కిందికి వచ్చాయి. రేషన్ కార్డు, ఆధార్, బయాప్సీ కాగితం, సీటీ కాగితం, ఇవన్నీ నాలుగేసి జిరాక్సులు దగ్గర పెట్టుకుంటే ఆసుపత్రిలో పథకం కౌంటరు దగ్గర పని తొందరగా అవుతుంది. అనుమతి రావడానికి రెండు రోజులు పట్టింది. హిమోగ్లోబిన్ పెరగనిదే కోయం అన్నారు కాబట్టి రెండు సీసాల రక్తం ఎక్కించారు. ఒకటి మా తమ్ముడిది, ఒకటి పక్కింటి అబ్బాయిది. రక్తం ఎక్కిన మర్నాడు మెట్లు ఎక్కితే ఆయాసం రాలేదు. అప్పటిదాకా ఎంత నీరసంగా బతికానో అప్పుడే తెలిసింది.

మార్చి 6న ఆపరేషను. కుడివైపు పెద్దపేగు సగం, చిన్నపేగు చివర కొంచెం తీసి, మిగిలిన రెండు కొసలు కలిపి కుట్టారు. మలం పోవడానికి కడుపు మీద సంచి పెట్టవలసి వస్తుందేమోనని నా బెంగ. కుడివైపు గడ్డకు చాలావరకు ఆ అవసరం ఉండదని సర్జన్ ముందే చెప్పారు, అలాగే జరిగింది. లేచాక మొదటి నాలుగు రోజులు ఆసుపత్రి అంతా నన్ను అడిగిన ప్రశ్న ఒకటే: గ్యాస్ పోయిందా? డాక్టర్లు అడిగారు, నర్సులు అడిగారు, ఊడ్చే ఆమె అడిగింది, చూడటానికొచ్చిన మా వదినగారు గుమ్మంలోనే అడిగారు. పేగు కదలడం మొదలైందనడానికి అదే గుర్తు. నాలుగో రోజు పోయింది. మా ఆయన వరండాలోకి వెళ్ళి ఫోనులో అందరికీ చెప్పారు. సిగ్గంతా ఆ వారంలోనే పోయింది నాకు. దగ్గు వస్తే కడుపు మీద దిండు అదుముకోవాలని ఎవరూ ముందు చెప్పరు. దిండు ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్ళండి.

ఎనిమిదో రోజు ఇంటికి పంపారు. రెండు నెలలపాటు రోజుకు నాలుగైదు సార్లు పల్చగా వెళ్ళేది. చిన్నపేగు చివరి భాగం తీస్తే పైత్యరసం సరిగ్గా ఇంకదట, అందుకే. మొదటి వారాల్లో జొన్నరొట్టె వద్దన్నారు. కర్నూలులో పుట్టినదానికి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మెత్తటి అన్నం, పెరుగు, ఉడికించిన సొరకాయ. ఉగాదికి కూడా అదే.

తీసిన పేగును పరీక్షించిన పెథాలజీ కాగితం పన్నెండు రోజులకు వచ్చింది. టీ3, ఎన్1. అంటే గడ్డ పేగు గోడ కండరాన్ని దాటింది, తీసిన 19 లింఫ్ గ్రంథుల్లో రెండింటిలో క్యాన్సర్ ఉంది. మూడో దశ. మీ కాగితంలో చూసుకోవలసిన అంకె ఆ రెండోది ఒక్కటే కాదు, మొదటిది కూడా. కనీసం పన్నెండు గ్రంథులైనా పరీక్షిస్తేనే దశ నమ్మకంగా చెప్పగలరు. తక్కువ ఉంటే ఎందుకని అడగవచ్చు.

దానితోపాటు ఇంకో పరీక్షకు ఆ ముక్కనే పంపారు. ఎంఎంఆర్ అంటారు. కణంలో డీఎన్ఏ తప్పులను దిద్దే నాలుగు ప్రోటీన్లు ఉన్నాయా లేవా అని చూస్తారు. లేకపోతే అది లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య దోషం కావచ్చు. అప్పుడు నా బిడ్డకూ, తోడబుట్టినవాళ్ళకూ పరీక్షలు చేయాలి. పైగా వైద్యం ఎంపికే మారవచ్చు. యాభై లోపు వయసు, కుడివైపు గడ్డ, కాబట్టి చేయక తప్పదన్నారు. ఏడు వేలు, పథకం బయట. ఫలితానికి మళ్ళీ పది రోజులు. మొత్తం ఈ వ్యవహారంలో నాకు నిద్ర పట్టనివి ఆ పది రాత్రులే. ఆపరేషనుకు ముందు కూడా నిద్రపోయాను. పక్క గదిలో అమ్మాయి చదువుకుంటూ ఉండేది, లైటు కనబడేది. నాలుగు ప్రోటీన్లూ ఉన్నాయని ఏప్రిల్ మొదట్లో తెలిసింది.

ఏప్రిల్ రెండో వారంలో క్యాన్సర్ డాక్టరును కలిశాం. ఆయన కాగితాలన్నీ చూసి, బరువు, ఎత్తు రాసుకుని, “ఏం పని చేస్తారమ్మా?” అని అడిగారు. జనవరి నుంచి ఎంతమంది డాక్టర్లను చూశానో, ఆ మాట అడిగింది ఆయనొక్కరే. కుట్టుపని అన్నాను. చేత్తో కూడా కుడతారా, మిషనేనా అన్నారు. హెమ్మింగ్, కాజాలు, హుక్కులు చేత్తోనే, మగ్గం వర్కు కూడా చేస్తాను అన్నాను. ఆయన పెన్ను కింద పెట్టి, అయితే మనం కాస్త మాట్లాడుకోవాలి అన్నారు.

మందు పేరు ఆక్సాలిప్లాటిన్. సెలైను సీసాలాగే ఎక్కిస్తారు. దానితో పాటు క్యాపెసిటబిన్ మాత్రలు. రెండూ కలిపి క్యాపాక్స్. ఆక్సాలిప్లాటిన్ వేళ్ళ కొసల నరాలను దెబ్బతీస్తుంది. మోతాదు పెరిగేకొద్దీ దెబ్బ పెరుగుతుంది. కొందరికి తిమ్మిరి ఏళ్ళ తరబడి పోదు. ఇదివరకు మూడో దశ అంటే ఆరు నెలలు, అంటే ఎనిమిది కీమోలు ఇచ్చేవారు. ఇప్పుడు నాలాంటి వారికి మూడు నెలలు, నాలుగు కీమోలు చాలు అనడానికి ఆధారం ఉంది. ఆ ఆధారం పేరు ఐడియా అధ్యయనం అని చెప్పి, ఇంటికి వెళ్ళి ఆలోచించుకోమన్నారు.

మా బావగారు ఒప్పుకోలేదు. “డాక్టరు ఆరు నెలలు రాసేవాడు మూడు నెలలే రాస్తానంటే అనుమానించాలి గానీ సంతోషించకూడదు. పథకం డబ్బు మిగుల్చుకోవడానికి కాదని ఏమిటి నమ్మకం?” అన్నారు. మనవాళ్ళ లెక్క అంతే, మందు ఎక్కువైతే వైద్యం బాగా చేసినట్టు. ఆయన మీద నాకు కోపం లేదు, ఆసుపత్రి బెంచీల మీద నాతో సమానంగా కూర్చున్న మనిషి. కానీ వేళ్ళు నావి.

అప్పుడు మా అమ్మాయి ఆ పరిశోధన పత్రం సంపాదించి రెండు సాయంత్రాలు నాకు చదివి చెప్పింది. 2018లో అచ్చయింది. ముందు పేరు ఆక్సెల్ గ్రోథీ అనే పెద్దపేగు క్యాన్సర్ పరిశోధకుడిది. ఆయన ఒక్కడూ కాదు, పన్నెండు దేశాల్లో జరిగిన ఆరు అధ్యయనాల వాళ్ళు ముందే మాట్లాడుకుని, తమ లెక్కలన్నీ ఒకచోట పోశారు. మొత్తం 12,834 మంది, అందరూ నాలాగే మూడో దశ వాళ్ళు. సగం మందికి మూడు నెలలు, సగం మందికి ఆరు నెలలు. ఎవరికి ఏది అన్నది చీటీ వేసినట్టే. కొత్త మందు కోసం కాదు, ఉన్న మందు తగ్గించవచ్చా అని తెలుసుకోవడానికి ఇంతమంది పరిశోధకులు ఏళ్ళ తరబడి పని చేశారంటే నాకు వింతగా అనిపించింది. దీనివల్ల మందు అమ్ముకునేవాడికి ఏ లాభమూ లేదు కదా.

ఫలితం అంత సూటిగా లేదని కూడా అమ్మాయి చెప్పింది. అందరినీ కలిపి చూస్తే మూడు నెలలు ఆరు నెలలకు తీసిపోదని వాళ్ళు పెట్టుకున్న కొలత ప్రకారం రుజువు కాలేదు. కానీ క్యాపాక్స్ తీసుకున్నవారిలో, టీ1 నుంచి టీ3 వరకు, ఎన్1 ఉన్నవారిలో రుజువైంది. మూడేళ్ళ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు మూడు నెలల వాళ్ళలో నూటికి 85, ఆరు నెలల వాళ్ళలో 83. నా కాగితంలో ఉన్నవి సరిగ్గా ఆ అక్షరాలే. టీ4 అయినా, నాలుగో ఐదో గ్రంథుల్లో ఉండి ఎన్2 అయినా ఈ లెక్క ఇంత తేలిగ్గా చెల్లదు. ఇక తిమ్మిరి సంగతి: క్యాపాక్స్‌తో పనులకు అడ్డొచ్చే స్థాయి తిమ్మిరి ఆరు నెలల వాళ్ళలో నూటికి 45 మందికి, మూడు నెలల వాళ్ళలో 14 మందికి. ఈ రెండు అంకెలు విని బావగారు, “సరే, నీ ఇష్టం” అన్నారు. ఒప్పుకున్నట్టు కాదు, ఊరుకున్నట్టు.

ఏప్రిల్ 15న మొదటి కీమో. ఏసీ హాలు, వరసగా కుర్చీలు. రెండు గంటలకు పైగా ఎక్కుతుంది. చేతి నరంలోంచి ఎక్కిస్తే మోచేయి దాకా లాగుతుంది, వేడినీళ్ళ సంచి పెడితే నయం. శాలువా, మేజోళ్ళు తీసుకెళ్ళండి, ఎండాకాలమైనా సరే. మాత్రలు ఆ రాత్రి నుంచి పద్నాలుగు రోజులు, పొద్దున మూడు, రాత్రి మూడు, భోజనమైన అరగంటలోపు. తర్వాత వారం సెలవు. ఒకసారి ఆసుపత్రిలో మాత్రలు నిండుకుని బయట కొనవలసి వచ్చింది. కాబట్టి చేతిలో రెండు మూడు వేలు ఉంచుకోవడం మంచిది.

చల్లటివి ముట్టుకోవద్దని చెప్పారు గానీ అది ఎలా ఉంటుందో చెప్పలేదు. మూడో రోజు ఫ్రిజ్‌లోంచి పెరుగు గిన్నె తీశాను. వేళ్ళ నిండా ఒక్కసారిగా సూదులు గుచ్చుకున్నాయి, గిన్నె వదిలేశాను. కుండలో నీళ్ళు ఒక గుక్క తాగితే గొంతు పట్టేసినట్టయి ఊపిరి అందలేదనిపించింది. ఊపిరి ఆగదు, ఆగినట్టు అనిపిస్తుంది, అంతే. గోరువెచ్చని నీళ్ళు తాగితే రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. ఇంకొకటి, ఏ తిండైనా మొదటి ముద్ద పెట్టుకోగానే చెవి కింద దవడలో కలుక్కుమంటుంది. రెండో ముద్దకు ఉండదు. మే నెలంతా మామిడిపండు ముందర పెట్టుకుని మొదటి కొరుకుకు కళ్ళు మూసుకునేదాన్ని. ఊరంతా కర్నూలు ఎండను తిట్టుకుంటుంటే నేను మాత్రం దండం పెట్టుకున్నాను. కుళాయి తిప్పితే వేడినీళ్ళే వచ్చేవి, కత్తెర ముట్టుకుంటే వెచ్చగా ఉండేది. డిసెంబరులో అయితే ఆ కత్తెర పట్టుకోగలిగేదాన్ని కాదు.

మే 6న రెండోది. మూడోది మే 27న కావాలి. పొద్దున్నే వెళ్ళి రక్తం ఇచ్చి కూర్చుంటే ప్లేట్‌లెట్లు 68 వేలే ఉన్నాయని వెనక్కి పంపారు. ఒళ్ళు మండిపోయింది. మనసును ఒక తేదీకి బిగించుకుని వెళ్తాం కదా, ఆ తేదీ జరిగిపోతే ఆ వారమంతా ఏ పనీ తోచదు. బొప్పాయి ఆకు రసం తాగమని వీధిలో ప్రతి ఒక్కరూ చెప్పారు. కీమో మధ్యలో ఏ రసాలూ వద్దని డాక్టరు అన్నారు, తాగలేదు. వారానికి వాటంతటవే పెరిగాయి. జూన్ 3న మూడోది, 24న నాలుగోది.

ఈలోగా అరచేతులు ఎర్రబడి, నున్నగా అయి, తోలు ఊడటం మొదలైంది. ఇది మాత్రల వల్ల. యూరియా కలిసిన క్రీము రోజుకు మూడుసార్లు రాయాలి, వేడినీళ్ళతో గిన్నెలు తోమకూడదు. జూన్‌లో రేషన్ దుకాణానికి వెళ్తే నా వేలిముద్ర పడలేదు. కుడి బొటనవేలు, ఎడమ బొటనవేలు, చూపుడువేలు, తుడిచి మళ్ళీ, క్రీము రాసి మళ్ళీ. వెనక వరసలో వాళ్ళు గొణుగుతున్నారు. బొటనవేలును వెలుతురులో పెట్టి చూశాను. గీతలు లేవు. అద్దంలా ఉంది. క్యాపెసిటబిన్ వేలిముద్రలను చెరిపేయగలదట, డాక్టరుకు చెబితే ఆశ్చర్యపోలేదు. నేనే ఆశ్చర్యపోయాను, ఆసుపత్రి పథకానికి కూడా అదే బొటనవేలు కావాలి కదా! వాళ్ళు కంటి స్కానుతో కానిచ్చారు. రేషనుకు మా ఆయన వెళ్ళి వేలు పెట్టారు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళయితే ఇది ముందే చూసుకోవాలి. ఆధార్‌కు ఫోను నంబరు జతచేసి ఉంచండి.

ప్రతిసారీ డాక్టరు నన్ను అడిగింది ఒకటే: “సూదిలో దారం ఎక్కుతోందా?” మొదటి రెండు కీమోలకు ఎక్కుతోందనే చెప్పాను. మూడోదాని తర్వాత సూది వేళ్ళ మధ్య ఉందో లేదో చూస్తే తప్ప తెలియడం లేదు అన్నాను. ఆయన నాలుగోదానికి మోతాదు కొంచెం తగ్గించారు. ఎనిమిది రాసి ఉంటే ఇంకా సగం దారి మిగిలే ఉండేది.

మందు ఆగితే తిమ్మిరి తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు, ఆగస్టులో పెరిగింది. ఆక్సాలిప్లాటిన్‌తో అది మామూలేనట, ఆపిన తర్వాత కూడా కొన్ని నెలలు పెరిగి, ఆ తర్వాత మెల్లగా దిగుతుంది. ఇది ముందే తెలియకపోతే జబ్బు తిరగబెట్టిందనుకుని హడలిపోతాం. నేను రెండు రోజులు హడలిపోయాను. అరికాళ్ళలో కూడా ఉంది, చెప్పు జారిపోయినా తెలియదు. అందుకని వెనక పట్టీ ఉన్న చెప్పులు కొనుక్కున్నాను.

శ్రావణమాసానికి కొట్టు తెరిచాను. మామూలు జాకెట్లే ఒప్పుకున్నాను. లైనింగ్ వేసి మిషను మీద కుట్టేంత వరకు నాది. కాజాలు, హుక్కులు పక్క వీధి అమ్మాయికి ఇస్తున్నాను, జాకెట్టుకు ముప్పై రూపాయలు. మగ్గం చట్రం మేడ మీదే ఉంది. సంపాదనలో పోయింది లక్షకు తక్కువ ఉండదు, మాఘంలో కొంత, వైశాఖమంతా పోయాయి కాబట్టి. ఖర్చు చేతి నుంచి అరవై వేల దాకా. ఆటోలు, పళ్ళు, ఆసుపత్రి దగ్గర టిఫిన్లు కూడా అందులో ఉన్నాయి, అవే ఎక్కువ తినేశాయి.

పొద్దున్నే స్టేడియంలో ముప్పావు గంట నడుస్తున్నాను. పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో అయ్యాక వ్యాయామం చేయించి చూసిన అధ్యయనం ఒకటి 2025 జూన్‌లో వచ్చిందని డాక్టరు చెప్పారు. 889 మందిలో, పక్కనుండి మూడేళ్ళు వ్యాయామం చేయించిన వాళ్ళలో ఐదేళ్ళకు జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు నూటికి 80, కాగితాలు మాత్రం ఇచ్చి పంపిన వాళ్ళలో 74. దీనికి పథకమూ అక్కర్లేదు, వేలిముద్రా అక్కర్లేదు.

మొన్నటి సీఈఏ మామూలుగా ఉంది. తర్వాతది డిసెంబరులో, కొలనోస్కోపీ ఫిబ్రవరిలో. నాకు నలభై ఆరేళ్ళకు వచ్చింది కాబట్టి తోడబుట్టినవాళ్ళు ముప్పై ఆరుకే కొలనోస్కోపీ చేయించుకోవాలట. నాకు రక్తమిచ్చిన మా తమ్ముడికి ముప్పై తొమ్మిది. రక్తం అడగగానే ఇచ్చాడు గానీ దీనికి మాత్రం నాలుగు నెలలుగా ఏదో ఒకటి చెబుతున్నాడు. ఇప్పుడు దసరా అయ్యాక అంటున్నాడు. నేనే అక్టోబరు రెండో వారానికి తేదీ తీసుకుని, వాడి భార్యకు ఫోను చేసి చెప్పాను.